మూడు కూతల జిగురు

జనవరి 9

వదినా,

ఆగు, కవరు చింపకు! చింపేశావా? చింపేసే ఉంటావు. సరే, ముక్కలు దాచు, నాకు వాటితో పనుంది.

ఫోను ఉండగా ఈ ఉత్తరాలేమిటని అన్నయ్య నవ్వుతూ ఉంటాడు, నవ్వనీ. సంగతేమిటంటే, నా బ్లాగులో ఈ ఏడాది కొత్త వరస మొదలుపెట్టాను. ఇంట్లో చేసిన కవరు టపాని తట్టుకుంటుందా లేదా అని. బల్ల ముందు కూర్చుని కవరు ఎవరైనా చేస్తారు. సంచిలో పడి, ముద్ర దెబ్బలు తిని, మీ ఊరు దాకా వచ్చాక కూడా అది కవరులాగే కనబడితే అప్పుడు మెచ్చుకోవాలి. నేను రాస్తూ ఉంటాను, అది ఏ స్థితిలో చేరిందో నువ్వు తిరుగు టపాలో రాయాలి. ఫోన్లో చెబితే చెల్లదు.

పందొమ్మిదేళ్ళు ఆస్పత్రిలో చీటీల కౌంటరు దగ్గర కూర్చుని "తర్వాతి వాళ్ళు రండి" అని అరిచి అరిచి, ఇప్పుడు ఆ పని మిషను చేస్తోంది కాబట్టి ఇంట్లో కూర్చున్నాను కదా. మొదటి నెల గోడలకేసి చూశాను. రెండో నెల కాగితం పట్టుకున్నాను. ఇక వదల్లేదు. ఇప్పుడు నా గదికి వస్తే కాలు పెట్టే చోటు వెతుక్కోవాలి. పదకొండు కత్తెరలున్నాయి, వాటిలో తిన్నగా కోసేది ఒక్కటీ లేదు. అన్నీ అలలు, పళ్ళు, మెలికలే. పూలు కొట్టే పంచ్‌లు, ఆకులు కొట్టే పంచ్‌లు, దేన్ని కొడుతుందో నాకే తెలియని పంచ్ ఒకటి. రంగు టేపులు ఎన్నున్నాయో చెప్పను, నువ్వు నవ్వుతావు.

మెరుపు పొడి గురించి నిన్ననే బ్లాగులో నా అభిప్రాయం రాశాను: ఒక్కసారి మూత తీస్తే ఇక అది ఇంటి మనిషే, మనం పోయినా అది పోదు. మా ఆయన డ్రైవింగ్ నేర్పే మనిషి కదా, కనుబొమ్మల నిండా మెరుపుతో పనికి వెళ్ళాడట. నేర్చుకునే ఆవిడ రోడ్డు మానేసి ఆయన మొహమే చూసిందట. కారు వెళ్ళి చెత్తడబ్బాని పలకరించింది.

నువ్వు ముప్ఫై ఒక్క ఏళ్ళుగా బైండింగ్ షాపులో పుస్తకాలు కుట్టే మనిషివి. కాగితం సంగతి నీకు తెలిసినట్టు ఎవరికి తెలుసు? కాబట్టి ఉన్నదున్నట్టు రాయి.

నీ జవాబు కోసం గుమ్మంలో కాపు కాసే
నీ ఆడపడుచు


జనవరి 20

మా చిట్టి ఆడపడుచుకి,

కవరు చాలా బాగుంది. టపా తెచ్చే అమ్మాయి దానికి రబ్బరు బ్యాండు వేసి తెచ్చింది. మూత దారిలో ఎక్కడో దిగిపోయిందట. పోతే పోయింది, కాస్త గాలి ఆడుతుంది. ఆ అమ్మాయి ఉత్తరం మొదటి పేజీ చదివినట్టుంది, "మెరుపు పొడి గురించి మీ ఆడపడుచు రాసింది అక్షరాలా నిజమండీ" అని వెళ్ళింది.

మేమిద్దరం ప్రతి ఆదివారం నీ బ్లాగులో వచ్చే వీడియో తప్పకుండా చూస్తున్నాం. నేను వంటింటి బల్ల దగ్గర కూర్చుంటాను, మీ అన్నయ్య ఫోను పట్టుకుంటారు. రిటైరయ్యాక ఆయనకి ఫోనే లోకం. ముప్ఫై ఏళ్ళు ఇంటింటికీ తిరిగి నీళ్ళ మీటర్లు చదివి పుస్తకంలో రాసుకున్న చెయ్యి కదా, ఊరికే ఉండదు, వీడియో చూస్తున్నంతసేపూ ఏదో ఒకటి నొక్కుతూనే ఉంటారు. కింద చీమల్లా అక్షరాలుంటాయి, అవి నాకు ఆనవు. నీ బొమ్మ పెద్దగా కనబడుతుంది, అది చాలు.

పోయినసారి చేసిన కాగితం పూలగుత్తి చాలా బాగుంది. దాని మీద అతికించిన సీతాకోకచిలుక చాలా బాగుంది. సీతాకోకచిలుక మీద చల్లిన మెరుపు కూడా చాలా బాగుంది. మిగతా వాళ్ళ వీడియోలూ చూశానులే. గోళ్ళకి రంగేసుకున్న రెండు చేతులు, వెనక సంగీతం, ఒక్క నిమిషంలో పెట్టె తయారు! జిగురు ఆరడానికి ఎంతసేపు పడుతుందో ఏ ఒక్కరూ చెప్పరు. వాళ్ళ జిగురు మాట వినే జిగురు కాబోలు.

నా కవరు మామూలు ముదురు కాగితం. పువ్వులూ అవీ లేవు, ఏమీ అనుకోకు.

మీ వదిన


జనవరి 30

వదినా,

నీ కవరు నలగని చొక్కాలా వచ్చింది. ఎలా చేస్తావు?

రెండు సంగతులు. మొదటిది విని ఎగిరి గంతేయాలి. మా వీధి చివర లైబ్రరీ ఉంది కదా, అక్కడి లైబ్రేరియన్ నా బ్లాగు చదువుతుందట! మార్చి ఇరవై రెండున వాళ్ళ హాల్లో ఒక బల్ల ఇస్తానంది. అందరి ఎదుటా మడతల పుస్తకం ఒకటి మొదటినుంచి చివరిదాకా చేసి చూపించాలి. ఒకే పొడవాటి కాగితం అటూ ఇటూ మడిచి, రెండు చివర్లా అట్టలు అతికిస్తే విసనకర్రలా తెరుచుకునే పుస్తకం. బాగా వస్తే ప్రతి శనివారం ఒక గదిచ్చి నన్ను నేర్పించమంటుంది. విన్నావా? నన్ను! కౌంటరు నుంచి లేపేశాక నన్ను ఎవరైనా రమ్మనడం ఇదే మొదటిసారి. ఆ ఫోను వచ్చాక వంటింట్లో నేనొక్కదాన్నే చప్పట్లు కొట్టుకున్నాను.

రెండోది విని నువ్వు కూడా ఏడవాలి. నా వీడియో కింద ఎవడో కామెంటు పెట్టాడు. పేరు లేదు, "వాడుకరి 4471" అని ఉంది. నేను జిగురు పూస్తున్నానో గోడకి సున్నం కొడుతున్నానో అర్థం కావడం లేదట! వాలు చూడకుండా కాగితం మడిచానట, అందుకే మడత పగిలిందట. వాలేమిటి, కాగితమేమైనా కొండా? చివర మూడు కూతలయ్యాయి, దింపండి అని రాశాడు. మతి చెడినవాడేమో.

నవ్వి ఊరుకుందామనుకున్నాను. ఊరుకోలేకపోయాను. పంచ్‌లన్నీ పెట్టెలో సర్దేశాను, మళ్ళీ తీశాను. నిజంగా చెబుతున్నాను వదినా, ఆ రోజు అందరి ముందూ మడత పగిలితే బ్లాగు మూసేస్తాను. ఎవరికీ తెలియకుండా తప్పు చేయడం వేరు, ముప్ఫై మంది కుర్చీలేసుకుని కూర్చున్నప్పుడు చేయడం వేరు. వాడి మాట నిజమా? నువ్వైతే చెప్పగలవు.

బిక్కమొహంతో
నీ ఆడపడుచు


ఫిబ్రవరి 8

చిట్టీ,

ఎవడమ్మా వాడు! పనీపాటా లేనివాడు. ఇంటి ఆడపిల్ల సరదాపడి ఏదో చేసుకుంటుంటే వంకలు పెట్టడానికి నోరెలా వచ్చింది? వాడి చేతివేళ్ళు పదీ జిగురంటుకుని ఒకదానికొకటి అతుక్కుపోవాలి. అన్నం ఎలా తింటాడో చూద్దాం.

నీ ఉత్తరం మీ అన్నయ్యకి చదివి వినిపించి ఆ 4471ని ఒక గంట తిట్టాను. ఆయన ఫోను జేబులో దాచుకుని విన్నారు, చివరికి "మరీ అంత తిట్టక్కర్లేదేమో" అన్నారు. ఎంత మెత్తని మనిషో చూడు. చెల్లెల్ని ఎవడో అంటే రోషం రావద్దూ?

సున్నం కొట్టడమనే మాట మాత్రం ఎక్కడో విన్నట్టుంది. మా షాపు మేస్త్రి అంటుంటాడు కాబోలు.

నువ్వేమీ బెంగపెట్టుకోకు. నువ్వు చేసేవన్నీ చాలా బాగుంటాయి. మడత పగలడం కూడా ఒక అందమే. లైబ్రరీలో కూడా చాలా బాగా చేస్తావు. ఈసారి కవరు మూత ఊడలేదు, అడుగు ఊడింది. ఉత్తరం మాత్రం భద్రంగా ఉంది, టపా అమ్మాయి వేరే కవరులో పెట్టి తెచ్చింది. అయినా చాలా బాగుంది.

మీ వదిన


ఫిబ్రవరి 19

వదినా వదినా వదినా!

కూర్చుని చదువు.

కోపం చల్లారాక ఒక కాగితం తీసుకున్నాను. నిలువుగా వంచి చూశాను, అడ్డంగా వంచి చూశాను. ఒకవైపు మెత్తగా వంగింది, ఇంకోవైపు బిగుసుకుంది. వాలంటే అదే! మెత్తగా వంగిన వైపు మడిస్తే మడత వెన్నలా దిగింది. అడ్డంగా మడిస్తే పెచ్చులు లేచింది. వాడన్నది నిజమే. ఏడాది నుంచి నేను సగం కాగితాలతో పోట్లాడుతున్నానన్నమాట.

అప్పుడు నాకు వెలిగింది. వాలు సంగతి నిజమైతే మూడు కూతల సంగతి కూడా నిజమే అయ్యుండాలి కదా! రెండు రోజులు ఆలోచించాను. జిగురు, కూతలు, దింపడం. ఏమై ఉంటుంది? కుక్కరే! పిండి నీళ్ళలో ఉండల్లేకుండా కలిపి, గిన్నెకి మూత పెట్టి, కుక్కర్లో దింపి మూడు కూతలు రానిచ్చాను. వదినా, ఏం జిగురు! అద్దంలా నున్నగా ఉంది. గరిట నుంచి దారంలా జారింది. బ్లాగులో "మూడు కూతల జిగురు" అని రాశానో లేదో, ఇంతవరకు నేను రాసినవన్నీ కలిపినా అంతమంది చదవలేదు. ఎవరెవరో చేసి ఫొటోలు పెడుతున్నారు. ఒకావిడ ఆశకొద్దీ ఆరు కూతలు రానిచ్చింది. ఇప్పుడది ఆవిడ వంటింటి పైకప్పుకి ఉంది, రాలడం లేదట. అంత గట్టి జిగురన్నమాట!

ఆ 4471 ఆయన ఇంకో కామెంటు కూడా పెట్టాడు. కాస్త పక్కకి జరగండి, నాకేం కనబడటం లేదు అని. నిజమే, నా మోచెయ్యి సగం బల్ల కప్పేస్తోంది. జరిగాను. వీడియో ఎంత బాగుందో!

ఇప్పుడు నేను ఆయన్ని గురువుగారంటున్నాను. ఆ రోజు లైబ్రరీలో నా పక్కన వచ్చి కూర్చోమని కామెంటు కింద జవాబు రాశాను. తప్పుచేస్తే అక్కడికక్కడే చెప్పే మనిషి పక్కనుంటే నాకు ధైర్యం. నువ్వు తప్పుగా అనుకోకు, నువ్వు మంచిదానివి. కానీ నీకు అన్నీ బాగుంటాయి. మూత ఊడినా బాగుంటుంది, అడుగు ఊడినా బాగుంటుంది. దాంతో నేనేం చేసుకోను చెప్పు?

ఈ కవరుకి మూడు కూతల జిగురే వేశాను. చూసి చెప్పు.

గాల్లో తేలుతున్న
నీ ఆడపడుచు


మార్చి 1

గౌరవనీయులైన ఆడపడుచుగారికి,

కవరు ఊడలేదు. చేత్తో రాలేదు, చాకుతో రాలేదు, షాపుకి తీసుకెళ్ళి అట్టలు కోసే కత్తితో కోశాను. బాగుంది.

మీ గురువుగారు క్షేమమని తలుస్తాను. నాకేం తెలుసులెండి. ముప్ఫై ఒక్క ఏళ్ళు కాగితాల మధ్య కూర్చున్నానే గానీ, పేరు కూడా లేని మహానుభావుడికి తెలిసినంత నాకెక్కడ తెలుస్తుంది! కాగితానికి వాలు ఉంటుందని మా షాపులో ఊడ్చే మనిషికి కూడా తెలుసు. అది చెప్పినందుకు ఆయన్ని పల్లకీలో ఊరేగించాల్సిందే. జిగురు కుక్కర్లో పెట్టడం మాత్రం నా జన్మలో వినలేదు. మొన్న మా మేస్త్రి కూడా వచ్చి "ఏమమ్మా, మూడు కూతల జిగురు గురించి విన్నావా, భలే ఉంది, మనమూ చేద్దాం" అన్నాడు.

ఇరవై రెండున నేను రావడం కుదరదు. ఆ రోజు పనుంది. ఏం పనో ఇంకా అనుకోలేదు. ఎలాగూ మీ పక్క కుర్చీ నిండింది కదా.

నా మాటకి విలువిచ్చే మనిషి మా ఇంట్లోనే ఉన్నారు. ఈ మధ్య మీ అన్నయ్య నేనేమన్నా "మళ్ళీ ఒకసారి నెమ్మదిగా చెప్పు" అంటున్నారు. పెళ్ళయిన ఇరవై ఎనిమిదేళ్ళకి!

ఇట్లు,
మీ అన్నగారి భార్య


మార్చి 8

వదినా,

"మీ అన్నగారి భార్య" అట! ఆ ముక్క చదివి మా ఆయన పడీపడీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

గురువుగారు రావడం లేదు. మూడుసార్లు పిలిచాను, ఒక్క జవాబు లేదు. అసలు నేను రాసేవి ఆయన చూస్తున్నట్టే లేడు. ఇంకా రెండు వారాలే ఉన్నాయి. నిన్న లైబ్రేరియన్ వచ్చి హాలు చూపించింది. కుర్చీలు నలభై వేస్తున్నారట, మైకు కూడా పెడుతున్నారట. ఇంటికొచ్చి మడతల పుస్తకం చేయబోయి, చివరి అట్ట తలకిందులుగా అతికించాను. దానికంటే వచ్చే ఆదివారమే బ్లాగు మూసేస్తే పరువైనా దక్కుతుంది.

నువ్వు అలిగావని నాకు తెలుసు. నేనూ అలిగాను, అది నీకు తెలుసా? ఇరవై ఎనిమిదేళ్ళలో నువ్వు నాకు ఒక్కటంటే ఒక్క తప్పు చూపించలేదు. నేను పాడితే బాగుంది, నా జుట్టు నేనే కత్తిరించుకుని కోతిలా తయారైతే బాగుంది. అయినవాళ్ళు అలాగేనా ఉండేది? నా వైపు సరిగ్గా చూడను కూడా చూడవేమోనని అనుకునేదాన్ని. ముక్కూ మొహం తెలియని మనిషి నాలుగు వారాలు నన్ను తిట్టాడు, నాకు పని వచ్చింది.

ఆయనలో ఏముందంటావు కదా. ఇదిగో, ఆయన పెట్టిన కామెంట్లన్నీ నాకు కనబడిన వరసలో పొల్లుపోకుండా ఇక్కడ ఎత్తి రాస్తున్నాను. నువ్వే చదివి చూడు.

మొదటిది: "జిగురు పూస్తోందా, గోడకి సున్నం కొడుతోందా. వాలు చూడకుండా మడిస్తే కాగితం పగలక ఏం చేస్తుంది. చేతులు మాత్రం బంగారం. మూడు కూతలయ్యాయి, దింపండి."

రెండోది: "పువ్వు బాగానే ఉంది, దాని మీద సీతాకోకచిలుక ఎందుకు, దాని మీద మెరుపెందుకు. కాగితాన్ని కాగితంలా ఉండనీదు. కాస్త పక్కకి జరగండి, నాకేం కనబడటం లేదు."

మూడోది: "తడిగుడ్డ పక్కన పెట్టుకోమని ఎవరూ చెప్పలేదా పిచ్చిపిల్లకి. నా కళ్ళద్దాలేవి. జేబులో చూడండి." ఇది చదివి నా జేబులో చూసుకున్నాను వదినా, కళ్ళద్దాలు అక్కడే ఉన్నాయి! ఆయనకెలా తెలిసింది?

నాలుగోది: "అదిగో, వాలు చూసింది. చూసింది, చూసింది. నా తల్లే. ఏమిటండీ అస్తమానం ఆ ఫోన్లో ఏదో రాస్తారు." ఈ చివరి మాట నాకు బాగా తగిలింది. అప్పటినుంచి పని చేసేటప్పుడు ఫోను పక్క గదిలో పెడుతున్నాను.

"నా తల్లే" అన్నచోట ఏడ్చాను. నన్ను అలా ఎవరంటారు చెప్పు?

నీ ఆడపడుచు


మార్చి 14

చిట్టీ,

నీ ఉత్తరం చదవడానికి కళ్ళద్దాలు వెతికాను. మీ అన్నయ్య జేబులో ఉన్నాయి.

మూడో కామెంటు దాకా వచ్చేసరికి ఆ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాను. నాలుగోది చదివి ఆయన వైపు చూశాను. ఆయన కిటికీ వైపు చూశారు. "ఏమండీ, 4471 ఎవరు?" అన్నాను. "ఫోను దానంతటదే ఇచ్చిన నంబరు, నేను పెట్టుకోలేదు" అన్నారు.

అమ్మాయ్, నీ గురువుని నేనే.

నేను మాట్లాడతానని నాకే తెలియదు. షాపులో గోడ వైపు తిరిగి ఒక్కదాన్నే కూర్చుని కుడతాను కదా, కాగితంతో మాట్లాడుతూ ఉంటానట. మర్నాడు షాపుకెళ్ళి "నేను పని చేస్తూ మాట్లాడతానా?" అని అడిగితే మిషను ఆపి మరీ నవ్వారు. "నువ్వు ఆపితే మాకు నిద్రొస్తుందమ్మా" అన్నాడు మేస్త్రి. సున్నం మాట నాదేనట, ముప్ఫై ఏళ్ళుగా వింటున్నాడట. నీ వీడియో చూస్తూ కూడా అలాగే గొణిగి ఉంటాను. ఆయన మీటరు చదివే మనిషి. ముల్లు ఎక్కడుంటే అంకె అక్కడ రాయాలి, ఒక్కటి అటూ ఇటూ కాకూడదు. నా నోట్లోంచి వచ్చింది వచ్చినట్టు ఫోన్లో కొట్టేశారు, కూతలతో సహా. కుక్కర్లో ఉన్నవి చిక్కుళ్ళమ్మా! పక్కకి జరగమన్నది ఆయన్ని! అంతమంది ఆడవాళ్ళు నా చిక్కుళ్ళ లెక్కన జిగురు వండుతున్నారు. ఆ పైకప్పు ఆవిడకి నేను మొహమెలా చూపించను?

నాలుగు చీవాట్లు పెట్టాను. ఆయన అన్నదేమిటంటే, "నువ్వు గొణిగేదంతా నిజం. ఉత్తరంలో రాసేదంతా చాలా బాగుంది. నిజం దానికి చేరద్దా? వీడియో కింది పెట్టెలో రాస్తే చెల్లెలొక్కతే చదువుతుందనుకున్నాను." జవాబులు వస్తాయని కూడా ఆయనకి తెలియదు.

ఎందుకు వంక పెట్టనో చెబుతాను. కాపురానికొచ్చిన వారానికి నువ్వు నాకోసం కాగితంతో ఇల్లు కట్టావు, గుర్తుందా? పద్నాలుగేళ్ళ పిల్లవి. రెండు గదులు, తెరుచుకునే తలుపులు, కిటికీలకి దారాల తెరలు. అంత ముచ్చటైనది చూసి నా నోరు ఊరుకోలేదు. "జిగురెక్కువైంది, ఆరాక గోడలు వంగుతాయి" అన్నాను. నువ్వు రెండు రోజులు అన్నం ముట్టలేదు, మొహం వాచేలా ఏడ్చావు. ఆ ఇల్లు మళ్ళీ కనబడలేదు, చింపి పారేశావనుకున్నాను. ఆ రోజే ఒట్టేసుకున్నాను, నా ఆడపడుచు చేసిన దేనికీ ఇక జన్మలో వంక పెట్టనని. నీ మీద చూపు లేక కాదమ్మా. నిన్ను ఇంకోసారి ఏడిపించడం నావల్ల కాదు.

ఇప్పుడు మళ్ళీ ఏడిపించాను. నీకు నా మొహం చూడాలని లేకపోతే చెప్పు, ఏమీ అనుకోను. బ్లాగు మాత్రం మూయకు. చేతులు బంగారం అన్నది కూడా నేనే.

మీ వదిన


మార్చి 17

ఓసి నా వదినా!

చిక్కుళ్ళా! చిక్కుళ్ళా! ఇప్పటికి పదిసార్లు నవ్వాను, ఇక పొట్ట పట్టడం లేదు. మా ఆయన వచ్చి నీళ్ళు తాగించాడు.

ముందు ఒక మాట విను. ఆ ఇంటికోసం ఏడ్చాను, నిజమే. నువ్వు వంక పెట్టావని ఎవరన్నారు? మర్నాడు పొద్దున లేచి చూసేసరికి ఇల్లు కుర్చీలో చాపలా పరుచుకుని ఉంది. పక్కన అన్నయ్య నిలబడి ఉన్నాడు. దాని మీద కూర్చున్నాడు వదినా! కొత్త పెళ్ళికొడుకు, నీకు తెలిస్తే పరువు పోతుందని నాచేత ఒట్టు పెట్టించుకున్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళు నోరు విప్పలేదు. ఇవాళ ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను.

నువ్వు గోడలు వంగుతాయన్నప్పుడు నాకెలా ఉందో తెలుసా? వదినకి తెలిసిన విద్య ఇది, నన్ను కూడా పనిమంతురాలిగా చూసి చెప్పింది అనుకున్నాను. వంగకుండా ఎలా చేయాలో మర్నాడు నిన్ను అడుగుదామనుకున్నాను. ఈలోగా ఇల్లు పోయింది, నువ్వేమో అన్నీ చాలా బాగున్నాయనడం మొదలుపెట్టావు. ఎంతకాలం చూశానో, ఇంకో వంక పెడతావేమోనని.

కాబట్టి ఇరవై ఒకటికల్లా ఇక్కడుండు. పక్క కుర్చీ నీది. నీకు నోరు అదుపులో పెట్టుకోవడం చేతకాదని మీ షాపువాళ్ళే చెబుతున్నారు, ఆ రోజు అస్సలు పెట్టుకోవద్దు. అన్నయ్యని కూడా తీసుకురా. ఆయన్ని మాత్రం నా గదిలో చూసి కూర్చోమను.

నీ శిష్యురాలు


ఏప్రిల్ 2

చిట్టీ,

క్షేమంగా చేరాం. నా చీర కొంగుకి మీ ఇంటి మెరుపు పొడి అంటుకుని వచ్చింది. షాపులో ఇప్పుడు అందరి మీదా ఉంది, మేస్త్రి మీసం మీద కూడా. నీ అభిప్రాయం సరైనదే.

మైకు తెరిచే ఉందని ముందే చెప్పొద్దూ? నలభై మంది ఎదుట నీ చేతులు ఆగిపోయేసరికి నాకు లోకం కనబడలేదు. "ఊపిరి పీల్చు, వాలు చూడు, తడిగుడ్డ ఎడంచేతి పక్కనే ఉంది" అని నాలో నేను అనుకుంటున్నాననుకున్నాను. హాలంతా మోగింది. నువ్వు సగం నవ్వుతూ సగం ఏడుస్తూ కాగితం అందుకున్నావు. ఆ తర్వాత సున్నం మాట కూడా వచ్చేసింది కదా నా నోట. వెనక వరసలో ఒకాయన కుర్చీలోంచి కిందికి జారాడు, నవ్వి. చివర పుస్తకం విసనకర్రలా విచ్చుకుంటే వాళ్ళు కొట్టిన చప్పట్లు ఇంకా నా చెవుల్లోనే ఉన్నాయి. శనివారాలు నీకిచ్చినప్పుడు ఆ లైబ్రేరియన్ "నెలకోసారి ఆ గొణిగే ఆవిడ కూడా రావాలి" అంది చూడు, ఆ మాట మీ అన్నయ్య ఇంటికి రాగానే గోడ మీద రాసిపెట్టారు. ముల్లు ఎక్కడుంటే అక్కడే.

ఈ ఉత్తరంతో ఒక వస్తువు పంపుతున్నాను, జాగ్రత్తగా విప్పు. నిన్న ఆయన్ని కూర్చోబెట్టి ఇల్లు ఎక్కడ పారేశారని అడిగాను. ఆయన లేచి వెళ్ళి పాత మీటరు పుస్తకాల అడుగునుంచి ఒక కాగితం పొట్లం తెచ్చారు. చెత్తబుట్టలో వేస్తే ఎవరి కంటైనా పడుతుందని భయమేసి దాచారట. తర్వాత పారేయబుద్ధి కాలేదట. రెండు గదులూ ఉన్నాయి, తలుపులు ఇంకా తెరుచుకుంటున్నాయి. దారాల తెరల రంగు కూడా పోలేదు.

బల్ల మీద నిలబెట్టి చూశాను. ఇరవై ఎనిమిదేళ్ళు పుస్తకాల కింద అణిగి ఉన్నా, పైకి తియ్యగానే మెల్లగా గోడలు వంగాయి.

నేను అప్పుడే చెప్పాను, జిగురెక్కువైందని.

మీ వదిన